ఒక దెబ్బకి తొక్కాలి, రెండు దెబ్బలకి వదలాలి

అది ఒక దెబ్బాండీ, రెండు దెబ్బలాండీ? కొట్టేదేదో తెలిసేలా కొట్టండి మరి! పానా జారి ఒకటీ, కావాలని ఒకటీ, చిరాకొచ్చి ఇంకోటీ కొడితే నేను దేనికి తొక్కనూ, దేనికి వదలనూ?

ఆయ్. ఒకటి. తొక్కేను. ఇదిగో, నేలకంటా తొక్కి పట్టుకున్నాను. మీరు కారు కింద ఏం విప్పుకుంటారో విప్పుకోండి.

రెండు. వదిలేను.

వదిలేనండీ, కానీ ఈ క్లచ్చి పైకి రావటం లేదు. కొత్తల్లుడిలా ఎక్కడ పడుకుందో అక్కడే ఉంది. బొటనవేలు కింద పెట్టి పైకి లాగనా? ఏవండీ, లాగనా వద్దా?

ఒక దెబ్బ కొట్టేరు. అంటే లాగమనా, తొక్కమనా? చూసేరా, ఇదీ మీ దెబ్బల భాషతో వచ్చిన చిక్కు. ఇందులో తొక్కడం ఉంది, వదలడం ఉంది. అవునూ కాదూ లేవు.

సరే, లాగేను. వచ్చింది.

నోరు తెరిచి ‘తొక్కు’ అంటే ఏం పోతుందండీ? పోయిన ఆదివారం నుంచీ ఇదే వరస. చెంబు మోగిస్తే కాఫీ. గ్లాసు మోగిస్తే మంచినీళ్ళు. కంచం మోగిస్తే అన్నం. నిన్న మీ చేతిలోంచి గ్లాసు జారి పడిపోతే, నేను మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చేను. ఈవేళ పొద్దున్న మరీనూ. కాఫీ తాగుతూ దొడ్లో కొబ్బరిచెట్టుకేసి చూసి ‘ఒక దెబ్బకి తొక్కాలి, రెండు దెబ్బలకి వదలాలి’ అన్నారు. చెట్టుకి కాళ్ళు లేవు కదా, నాకే అయ్యుంటుందని వచ్చి కూచున్నాను.

ఒకటి. ఆయ్, తొక్కేను.

నిజం చెప్పనాండీ? నాకిలాగే బాగుంది. మీ మొహం కనిపించటం లేదు. తలుపు తీసి కిందకి చూస్తే మీ పాదాలు రెండే కనిపిస్తున్నాయి. పాదాలతో మాట్లాడటం సులువండీ. వాటికి మీసాలుండవు. కనుబొమలు ముడెయ్యవు. ఇన్నేళ్ళ కాపరంలో మీ ఎదురుగా నిలబడి నేను నాలుగు మాటలు వరసగా అన్నదెప్పుడు? ‘అన్నం వడ్డించేనండి’, ‘పాలేరొచ్చేడండి’, ‘గొడుగు మర్చిపోయేరండి’. అంతేగా! అయిదో తరగతితో బడి మానేసిన దాన్ని. మాట వస్తే మొహం ఎర్రబడిపోతుందని మా అమ్మ నన్ను ‘మందారం’ అనేది.

రెండు. వదిలేను. వేలితో లాగేను.

అన్నట్టు మీ మడమలు పగిలేయండీ. చలికాలం వచ్చేసింది కదా. రాత్రికి కొబ్బరినూ...

ఏం లేదండీ. ఏదో అనబోయేను. పోనిద్దురూ.

ఒకటి. తొక్కేను.

ఈ సీట్లో కూచోడం నాకిదే మొదటిసారి, తెలుసాండీ? మావగారి కాలంలో కారుకి పరదాలుండేవి. కొత్త కోడల్ని వెనక సీట్లో పరదా పక్కన కూచోబెడితే, ఎదురుగా డ్రైవరు మెడ తప్ప ఇంకేం కనిపించేది కాదు. అమలాపురం వెళ్ళి వచ్చేక ‘ఊరెలా ఉందమ్మా’ అని మా అమ్మ అడిగితే, ‘మెడ మీద పుట్టుమచ్చ ఉందమ్మా’ అన్నాను. ఆ పరదాలు పోయేయి గానీ, నా చోటు మాత్రం వెనక సీటే. ఈవేళ చూడండి, స్టీరింగు ముందు కూచుని, జరీ అంచు పట్టుచీర కట్టుకుని, క్లచ్చి తొక్కుతున్నాను! ఇందాక పక్కింట్లో పనిచేసే మరిడమ్మ అంట్లు తోముతూ కంచె మీంచి చూసి ఏవందో విన్నారా? ‘అమ్మగారూ, కారు నేర్చుకుంటన్నారాండీ? రాజుగారు కిందెందుకున్నారండీ? తొక్కించేసేరా ఏంటండీ?’ అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టీరింగు మీద పెట్టుకుంటే హారన్ మోగింది.

అదే హారన్. మీరు కింద ఉలిక్కిపడి తల కొట్టుకున్నది దానికే. క్షమించండి.

రెండు. ఆయ్.

పట్టుచీర ఎందుకు కట్టేవని అడగరేం? మాట్లాడరు కదూ, మర్చిపోయేను. నేనే చెప్తాను. ఈవేళ షష్ఠి. ఏటా సుబ్బారాయుడి షష్ఠికి మనం కొత్తపేట దగ్గర మా ఊరికి వెళ్తాం. మా తమ్ముడు బుచ్చిరాజు వీధి చివర దాకా ఎదురొస్తాడు. మరదలు పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వేస్తుంది. సాయంకాలం తీర్థంలో జీళ్ళూ, ఖర్జూరం కొనుక్కుని చీకటి పడకుండా వచ్చేస్తాం. ఏడాది మొత్తానికి నాకున్న పుట్టిల్లు ఆ ఒక్క పూటే కదండీ. అందుకని పొద్దున్నే స్నానం చేసి చీర కట్టేసేను. వెనక సీటు మీద కొబ్బరుండల డబ్బా కూడా పెట్టేసేను. మీరు ఈ కారు బాగుచేస్తున్నది అక్కడికి వెళ్ళడానికో, లేకపోతే అమలాపురం తీసికెళ్ళి ఎవరికైనా అంటగట్టడానికో నాకు తెలీదు. అడిగే నోరు నాకు లేదు. చెప్పే నోరు మీరు మూసుకున్నారు.

ఒకటి కొట్టేరా? తొక్కేను, తొక్కేను.

కారు ముందు మూత కింద డబ్బాలో ఆయిలు తగ్గి ఉంటుంది. ఆగండి, నేను దిగి పోస్తాను. అబ్బే, మీరు లేవకండి! మీ పొట్ట అడ్డమొస్తే గోనెసంచి మీద పడుకోబెట్టి, కారుకి ఎత్తు పెట్టిన కొబ్బరి దుంగల మధ్యలోంచి నేనే కదా మిమ్మల్ని లోపలికి తోసేను. మళ్ళీ లాగడం, మళ్ళీ తోయడం నా వల్ల కాదు. డబ్బా సంగతి నాకొదిలెయ్యండి. ఆ డబ్బా దగ్గరికి మీరు అసలు రానక్కర్లేదు.

పోసేను. మూత పెట్టేను. కూచున్నాను.

మెకానిక్కు ప్రకాశరావు గారుంటే మనకీ తిప్పలు లేకపోను. ఆదివారం కదా, ఆయన ప్రార్థనకి వెళ్ళేరు. మధ్యాహ్నం దాటితే గానీ పానా పట్టుకోరు. నిన్న గుమ్మంలో నిలబడి మీకు చెప్తుంటే తలుపు వెనక నుంచి విన్నాను. ‘గాలి పట్టినట్టుందండి రాజుగారూ. పైన తొక్కితే ఆయిలు గొట్టంలోంచి కిందకెళ్ళి గేరుబాక్సు దగ్గర తోస్తుంది. మధ్యలో గాలి దూరితే, తొక్కిన తొక్కంతా గాలి మింగేస్తుంది. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద నట్టు విప్పి గాలి వదలాలి, మళ్ళీ బిగించేకనే కాలు తియ్యాలి. ఇద్దరికీ మాట కలిస్తే అరగంట పనండి’ అన్నారు.

మాట కలిస్తేనట! పాపం, ఆయనకేం తెలుసు?

రెండు. వదిలేను.

బుడగలొస్తున్నాయాండీ సీసాలోకి? నట్టుకి తగిలించిన ఆ సెలైను గొట్టంలోంచి బుడబుడలాడుతున్న చప్పుడు నాకు పైకి వినిపిస్తోంది. చంటిపిల్ల పాలు తాగినట్టుంది.

పాపం, ప్రకాశరావు గారు మాత్రం ఎన్నిసార్లొచ్చేరు! ఆయనొచ్చేది మధ్యాహ్నం. మధ్యాహ్నం అయ్యేసరికి మన కారు పెళ్ళిచూపుల్లో పిల్లలాగ బుద్ధిగా కూచునేది. తొక్కితే దిగేది, వదిలితే లేచేది, గేరు వెన్నలా పడేది. ‘దీనికేం రోగం లేదండి, మీకే అనుమానం’ అని వెళ్ళిపోయేవారు. మర్నాడు పొద్దున్న మీరు ఎక్కితే మళ్ళీ మామూలే. క్లచ్చి కింద పడితే లేవదు. గేరు వేస్తే గరగరా అరుపు. వీధిలో అందరూ లేచి చూడ్డం. పొద్దున్న రోగం, మధ్యాహ్నం ఆరోగ్యం. ఇలాంటి జబ్బు మనుషుల్లో కూడా వినలేదని మీరే అన్నారు. అప్పటికింకా మాట్లాడుతున్నారు కాబట్టి.

ఒకటి. ఆయ్.

ఆ జబ్బు కోసమే కదండీ మావాడిని అంత మాటన్నారు.

వద్దు, ఆ పాదాలు అలా బిగించకండి. నేనీవేళ అనేస్తాను. మొహం కనిపిస్తే అనలేను. మీరు మీ అక్కయ్యగారింటికి ద్రాక్షారామం వెళ్ళిన వారంలో బుచ్చిరాజు వచ్చి, పిల్లాడికి అప్పనపల్లిలో పుట్టువెంట్రుకలు తీయించాలని ముందే మిమ్మల్నడిగి ఉంచిన కారు తీసుకెళ్ళేడు. సాయంకాలానికి కడిగి, తుడిచి, అద్దం మీద పసుపు బొట్టు పెట్టి మరీ తెచ్చి అప్పగించేడు. ఆ తరవాతే ఈ రోగం మొదలైంది. నిజమే. కానీ పోయిన ఆదివారం భోజనాల దగ్గర మీరేమన్నారు? ‘ఏవండీ బుచ్చిరాజుగారూ, తమరు క్లచ్చి మీద కాలు పెట్టుకుని నిద్రపోతారటగా’ అన్నారు. అండీ అనీ, తమరనీ! బావమరిదిని ‘ఒరేయ్’ అనేవారు ‘తమరు’ అంటే అది తిట్టు కాదాండీ? వాడు తక్కువ తిన్నాడా? ‘ఆయ్, బావగారి బండి కదండీ, పట్టుపరుపులా ఉంటేనూ’ అన్నాడు. దానికి మీరు ‘అవునులెండి, ఎదుటివాళ్ళ పరుపు ఎవరికైనా మెత్తగానే ఉంటుంది’ అన్నారు.

అంతే. మజ్జిగన్నం దాకా రాకుండా విస్తరి ముందు నుంచి లేచిపోయేడండీ మావాడు. నా చేతిలో మజ్జిగ గిన్నె అలాగే ఉండిపోయింది.

గేటు దగ్గర వాడు నాతో ఏమన్నాడో మీకు చెప్పలేదు. ‘అక్కా, ఒట్టే, నేను క్లచ్చి మీద కాలు ఆన్చలేదే. బావగారు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నేనీ గుమ్మం తొక్కను. మీరూ షష్ఠికి రావక్కర్లేదు’ అన్నాడు. మీసాలొచ్చిన మనిషి, కళ్ళ నిండా నీళ్ళు.

అప్పుడేగా నేను లోపలికొచ్చి ‘మావాడు అలాంటివాడు కాదండీ’ అన్నాను. నలుగురు వింటుండగా మీకు ఎదురు చెప్పడం నాకదే మొదలు. మీరు మాట మానేసేరు. ఆ ఒక్క మాటకి ఇన్నాళ్ళ మౌనం! అంత ఖరీదు చేస్తుందని తెలిస్తే, ఇంకో రెండు కలిపి అనేదాన్ని.

రెండు కొట్టేరు కదూ. వదిలేను. ఏవండీ, ఇప్పుడు వేలు పెట్టకుండానే కొంచెం పైకి వచ్చింది! సగం దాకా. దారిలో పడుతోంది.

ఒకటి. ఆయ్.

ఏవండీ.

మీకు పడిశం తగ్గిందాండీ? వాసన తెలుస్తోందా?

ఊరికే అడిగేను.

రెండు. వదిలేను.

ఏవండీ, మీరొకటి గుర్తు తెచ్చుకోండి. ద్రాక్షారామం వెళ్తూ మీరు కారు ముందు మూత ఎత్తి నాకో చిన్న తెల్లడబ్బా చూపించేరు. ‘ఇదిగో, ఈ గీత కిందకి దిగితే షెడ్డులో సీసాలో ఉన్న ఆయిలు పొయ్యి, బుచ్చిరాజుకి చెప్తే మర్చిపోతాడు’ అన్నారు. పక్కపక్కనే రెండు డబ్బాలు, కవలపిల్లల్లాగ. మీరు వేలు పెట్టి ఒకటి చూపించేరు. నాకు ఒక పని అప్పగించేరు కదా అని ఎంత సంబరపడ్డానో! మర్నాడు వాడొస్తాడనగా పొద్దున్నే వెళ్ళి చూసేను. గీతకి కిందే ఉంది. షెడ్డులోకి వెళ్తే సీసా దొర్లిపోయి ఉంది. పిల్లి పని. చుక్క లేదు.

అప్పుడు నేనేం చేసేనో తెలుసాండీ? కొట్టుకి వెళ్ళేను.

ఆయ్, నేనే! మీ ఇంట్లో కొట్టే ఇంటికి రావాలి గానీ, ఇంట్లో ఆడది కొట్టుకెళ్ళకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. గొడుగు అడ్డం పెట్టుకుని, సెంటరులో ఆ స్పేరు పార్టుల కొట్టు దాకా వెళ్ళేను. బల్ల మీద నలుగురు మగవాళ్ళు టీలు తాగుతూ కూచున్నారు. గోడ నిండా టైర్లు. ‘ఏం కావాలండమ్మా?’ అన్నాడు కొట్టాయన. నలుగురూ నా వంక తిరిగేరు. క్లచ్చి ఆయిలు అన్న మాట నా నాలిక చివర దాకా వచ్చింది. వచ్చి, వెనక్కెళ్ళిపోయింది. ‘బెల్లం ఉందాండీ?’ అన్నాను.

అవునండీ, టైర్ల కొట్లో బెల్లం అడిగేను.

‘ఇది బళ్ళ సామాన్ల కొట్టండమ్మా’ అన్నాడు. ‘పోనీ, ఎప్పుడొస్తుందండీ?’ అన్నాను. ఆ తరవాత ఇంటికెలా వచ్చేనో నాకే తెలీదు.

ఒకటి కొట్టండీ, ఎందుకాగిపోయేరు?

ఆయ్. తొక్కేను.

ఇంటికొచ్చి కూచుని ఆలోచించేనండీ. వాడు పిల్లల్నేసుకుని వెళ్తాడు, దారిలో ఆగిపోతే? మన కోనసీమలో దేనికి పనికిరాదండీ కొబ్బరినూనె? వీధి తలుపు బందుకి అదే. కుట్టు మిషనుకి అదే. నూతి గిలక్కి, తాళం కప్పకి, సైకిలు గొలుసుకి, చెవిపోటుకి, కాలిన పుండుకి, దేవుడి దీపానికి... అన్నింటికీ అదే. పుట్టిన పిల్ల మాడుకి మొదట అద్దేదీ అదే. ఇన్నింటికి పనికొచ్చిన నూనె ఒక్క కారుకి పనికిరాదని నాకెలా తెలుస్తుందండీ? మన చెట్ల దింపు కాయ, మన గానుగ. పల్చటి తువ్వాల్లో రెండుసార్లు వడగట్టి, వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని, గీత దాకా పోసేను. నీళ్ళలా తేటగా ఉంది. మీ ఆయిలు కన్నా అందంగా ఉంది.

బుచ్చిరాజు ఏమీ ఎరగడండీ. వాడు తీసుకెళ్ళింది నేను నూనె పోసిన కారు.

ఏవండీ? వింటున్నారా? దెబ్బ లేదేం?

పూర్తిగా చెప్పేస్తాను. చెప్పేకనే తిట్టండి. పోయిన ఆదివారం మావాడిని మీరన్నప్పుడు నాకింకా తెలీదు, ఒట్టు. వాడి కాలు తప్పు లేదని మనసు చెప్పింది, అంతే. బుధవారం పొద్దున్న తలంటుకోడానికి నూనె సీసా తీస్తే రాయిలా ఉంది. మంచు మొదలైంది కదా, గడ్డకట్టేసింది. ఏటా చేసేదే కదా అని ఎండలో అరుగు మీద పెట్టేను. పక్కనే మీ కారు, అదీ ఎండకి మూతి పెట్టుకుని నిలబడి ఉంది. కాసేపటికి సీసాలో తెల్లగడ్డ అంచుల దగ్గర కరగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మీరు కారెక్కేరు. పొద్దున్న కదలని క్లచ్చి కదిలింది.

నేను సీసా వంక చూసేను. కారు వంక చూసేను. కారులో నేను పోసిన నూనె గుర్తొచ్చిందండీ.

చెప్పేద్దామనుకున్నాను. మీరు కంచం మోగించేరు. అన్నం పెట్టేను.

మర్నాడు పరీక్ష చేసేను. తెల్లారకుండా లేచి, వేన్నీళ్ళలో గుడ్డ ముంచి పిండి, ఆ డబ్బాకి కాపడం పెట్టేను. నడుం నొప్పికి పెట్టినట్టే. ఆ పొద్దున్న మీరెక్కగానే కారు ఝామ్మని బయల్దేరింది, గుర్తుందా? మీరేమో ‘నిన్న రాత్రి నేను కెలికిన కెలుకుడికి లొంగింది’ అని ఊరంతా చెప్పుకున్నారు! కరణంగారితో కూడా చెప్పేరు. నేనేమో తలుపు వెనక నిలబడి తడిగుడ్డ దాచుకున్నాను. ఈవేళా పెట్టేను కాపడం. లేకపోతే మూత తీసి మీరు డబ్బాలోకి చూస్తే వెన్నముద్ద కనిపించేది కదా.

అదండీ సంగతి. మావాడి కాలు కాదు. నా చెయ్యి.

ఏవండీ, ఏదో ఒకటి కొట్టండి. ఒకటో, రెండో.

అదేంటి, ఆ పాదాలు అలా ఊగుతున్నాయేం? ఏడుస్తున్నారా? ఊపిరాడటం లేదా? దుంగ జారిందా? ఉండండి, దిగి చూస్తాను...

అయ్యో రామ! నవ్వుతున్నారా?

బెల్లానికి నవ్వేరా, కాపడానికి నవ్వేరా? అలా నవ్వకండీ, పొట్ట అదిరి దుంగలు కదులుతాయి.

ఏమిటది బయటికి తోస్తున్నారు? సీసాయా? ఇటివ్వండి. ఇందాకటి నుంచీ గొట్టంలోంచి పట్టిన ఆయిలేనా ఇది? అడుగున పసుపు రంగు. పైన... పైన తెల్లగా పేరుకుందేమిటి? ఈ నీడలో సిమెంటు మీద ఉండి... అయ్యబాబోయ్, వాసన! చక్కగా మన గానుగ వాసన!

అంటే మీకు ముందే తెలుసా?

ఎప్పటినుంచండీ? నేను మావాడి గురించి చెప్పేటప్పటికే తెలుసా? మజ్జిగ గిన్నె గురించి చెప్పేటప్పటికి? తెలిసే మాట్లాడకుండా పడుకున్నారా? తెలిసే నా చేత ఇంతసేపు తొక్కించేరా, ఇంతంత వాగించేరా?

ఏమండోయ్, బాగుందండీ మీ న్యాయం! మావాడి మీద అనుమానం వస్తే భోజనాల దగ్గర నలుగురిలో అనేసేరు. పెళ్ళాం చేసిందని తెలిస్తే కారు కింద దాక్కుని నవ్వుకుంటారా?

ఒకటి. తొక్కేను. ఇందాక సీసా కోసం దిగేను కదా, మళ్ళీ ఎక్కి కూచున్నాను.

రెండు కొట్టేరా? వినిపించింది.

వినిపించిందండీ. కానీ వదలను.

మళ్ళీ రెండు. కొట్టుకోండి. పానా మీది, కాలు నాది. నేనీ కాలు తియ్యను. మీరు మావాడింటికి వస్తాననేదాకా తియ్యను. ప్రకాశరావు గారి మాట ప్రకారం నేను వదిలితేనే మీ పని ముందుకెళ్తుంది. బయటికొచ్చేద్దామంటే గోనెసంచి లాగాల్సింది నేనే. మరిడమ్మని పిలుస్తారా? పిలవండి. పిలవాలంటే నోరు తెరవాలి కదా.

ఎంతసేపైనా కూచుంటాను. పట్టుచీర చల్లగా ఉంది, సీటు మెత్తగా ఉంది. ఎదుటివాళ్ళ పరుపు ఎవరికైనా మెత్తగానే ఉంటుందని మీరే అన్నారు.

ఏంటీ?

ఏదో అన్నారు. వినపడలేదు. గట్టిగా అనండి.

‘సరే’నా? సరే అంటే ఏది సరే? వెళ్దామా? ఈవేళేనా? వాడికి మీరే చెప్తారా? మీ నోటితో, వాళ్ళింట్లో నలుగురి ముందు, ‘ఒరేయ్ బుచ్చిరాజూ, నీ కాలు తప్పు లేదురా’ అని? తమరూ గిమరూ లేకుండా?

ఏమన్నారూ? నా బెల్లం సంగతి కూడా చెప్తారా?

చెప్పండి. చెప్పుకోండి. టైర్ల కొట్టు గురించి చెప్పండి, కాపడం గురించి చెప్పండి. తీర్థంలో ఊరంతా నన్ను చూసి నవ్వితే నవ్వనీండి. మందారంలా ఎర్రబడి ఓ మూల కూచుంటాను. నాకలవాటే. మావాడు మాత్రం ఈసారి మజ్జిగన్నం దాకా కూచోవాలి. అంతే నాక్కావలసింది.

ఇదిగో, వదిలేను.

ఏవండీ! తనంతట తనే లేచిందండీ! వేలు పెట్టలేదు, ఒట్టు! కాలికి బలంగా తగులుతోంది. గాలి పోయినట్టుంది. ఒకటి కొట్టండి, ఇంకోసారి తొక్కుతాను, ఎంత బాగుందో!

ఆయ్. నూనెకి లోపల రబ్బర్లు ఉబ్బిపోయుంటాయా? ప్రకాశరావు గారు రేపొచ్చి మార్చాలా? సరే, రేపు మారుస్తారు. ఈ పూటకి కొత్తపేట దాకా వెళ్ళిపోవచ్చంటారా?

వెళ్ళచ్చు గానీ...

ఏవండీ, బస్సుకి వెళ్దామండీ.

చీర నలిగితే నలగనీండి. అమలాపురంలో దిగి కొత్తపేట బస్సెక్కుదాం. కొబ్బరుండల డబ్బా నేనే పట్టుకుంటాను. మీ పక్కన బస్సులో కూచుని వెళ్ళాలని నాకెప్పటినుంచో కోరిక.

అబద్ధం కాదండీ. కోరిక నిజంగానే ఉంది. కానీ అదొక్కటే కాదు.

ఆ తెల్లడబ్బా పక్కన ఇంకో డబ్బా ఉందన్నాను చూడండి. కవలపిల్లల్లాగ. మొదటిదానికి పోసేక గిన్నెలో కాస్త నూనె మిగిలిందండీ. పక్కనే రెండోది ఖాళీ నోరేసుకుని నా వంక చూస్తున్నట్టనిపించింది. ఇద్దరు పిల్లలున్న చోట ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే ఏం బాగుంటుంది? ఎక్కువ కాదండీ, ఏదో ఓ చెంచాడు. మనసొప్పక.

ఏవండీ, ఆ రెండో డబ్బా దేనిదండీ?

ఏమన్నారూ? బ్రేకుదా?

అబ్బ, అలా ఎడాపెడా కొట్టకండీ. ఇన్ని దెబ్బలకి ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు కదా.